పేట్రియాట్ రాడార్: దాని గొడుగు కింద బతికినవాడు రాసిన సమీక్ష

ఒక వస్తువు మీద సమీక్ష రాసేవాడు ఆ వస్తువుతో తనకున్న సంబంధం ఏమిటో ముందే చెప్పుకోవడం మర్యాద. పేట్రియాట్ అంటే దూసుకొచ్చే విమానాలనూ క్షిపణులనూ ఆకాశంలోనే కూల్చే అమెరికా రక్షణ వ్యవస్థ. దాని రాడార్‌ను నేను కొన్నవాణ్ణి కాను, నడిపినవాణ్ణీ కాను. 2003లో ఇరాక్ యుద్ధం మొదలైనప్పుడు కువైట్ నగరంలోని షర్క్ ప్రాంతంలో, ఒక పెద్ద భవన సముదాయంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని చేస్తూ, ఆ రాడార్ పట్టిన గొడుగు కింద బతికిన వేలాది తెలుగువాళ్లలో ఒకణ్ణి. రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చి అక్కడ ఇళ్లలో, దుకాణాల్లో, బండ్ల మీద, జనరేటర్ గదుల్లో పనిచేసుకుంటున్న మా అందరికీ ఆ రోజుల్లో ప్రాణాలకు భరోసా అంటే ట్రైలర్ మీద వాల్చి నిలబెట్టిన ఆ చదునైన పలకే. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా దాని గురించి బయటికి వచ్చిన సమాచారాన్ని దొరికినంత మేరకు శ్రద్ధగా చదువుతూ వచ్చాను. ఈ సమీక్షలో నేను చూసేది ఒకే ఒక విషయం: నేలను ఆనుకుని వచ్చే క్రూయిజ్ క్షిపణి ముందు ఈ రాడార్ ఎంతవరకు పనికొస్తుంది?

మార్చి 29వ తేదీ అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటా నలభై ఐదు నిమిషాల ప్రాంతంలో నేను నైట్ డ్యూటీలో ఉన్నాను. యుద్ధం మొదలై అప్పటికి తొమ్మిది రోజులు. మొదటి రోజునుంచీ సైరన్ మోగినప్పుడల్లా బేస్‌మెంట్‌లోకి దిగడం, అంతా సర్దుకుందన్న మోత వినబడ్డాక పైకి రావడం మాకు అలవాటైపోయింది. కిటికీ అద్దాలకు ఇంటూ గుర్తులాగా అడ్డంగా టేపులు అంటించి, సందుల్లో ప్లాస్టిక్ కాగితం కుక్కి ఉంచాం. ఆ రాత్రి సైరన్ మోగలేదు. ముందు నేల అదిరింది, ఆ వెంటనే పెద్ద శబ్దం వచ్చింది, ప్యానెల్ బోర్డు మీద పెట్టిన స్టీలు గ్లాసు దొర్లి కింద పడింది. నాతో పాటు డ్యూటీలో ఉన్న కుర్రవాడు "అన్నా, సైరన్ మోగలేదు కదా?" అని అడిగాడు. "మోగకుండానే వచ్చింది" అన్నాను, అంతకు మించి చెప్పడానికి నాకేమీ తోచలేదు. గల్ఫ్ రోడ్డు వెంబడి సముద్రాన్ని ఆనుకుని ఉండే సూక్ షర్క్ అనే మాల్ పక్కన, పడవల రేవు దగ్గర అది పేలిందని తెల్లవారాక తెలిసింది. మాల్ పైకప్పు పలకలు ఊడిపడి, అద్దాలు రాలిపోయాయి. అర్ధరాత్రి కావడం వల్ల ఒకరిద్దరికి చిన్న దెబ్బలు తగలడంతో గండం గడిచింది. అదే సాయంత్రం ఏడు గంటలకు జరిగి ఉంటే సంగతి వేరు. శుక్రవారం సెలవు రోజున మావాళ్లు సముద్రపు గాలికి అక్కడికే వెళ్లేవారు.

ఈ సంఘటనను బట్టి ఆ రాడార్ పనికిరానిదని తేల్చేస్తే అది అన్యాయం. ఆ యుద్ధంలోనే, ఇరాక్ వదిలిన అల్ సమూద్, అబాబిల్ రకం బాలిస్టిక్ క్షిపణుల్లో (ఎత్తుకు లేచి వంపుగా కిందికి దిగేవి) పేట్రియాట్ బ్యాటరీలు (రాడార్, క్షిపణులు వదిలే వాహనాలు కలిసిన దళాన్ని బ్యాటరీ అంటారు) ఎదుర్కొన్న తొమ్మిదింటినీ ఆకాశంలోనే అడ్డుకున్నాయి. మేము బేస్‌మెంట్లో కూర్చుని విన్న దూరపు మోతల్లో కొన్ని అవే అయి ఉండాలి. కానీ అదే యుద్ధంలో ఇరాక్ తీరం నుంచి వచ్చిన ఐదు సీర్‌సకర్ క్రూయిజ్ క్షిపణుల్లో ఒక్కదాన్ని కూడా అవి పసిగట్టలేదు, అడ్డుకోలేదు. యుద్ధం మొదలైన రోజునే, మార్చి 20న, వాటిలో ఒకటి అమెరికా మెరైన్ దళాల ప్రధాన శిబిరమైన క్యాంప్ కమాండో సమీపంలో పడి పేలింది. ఒకే రాడార్, అదే సిబ్బంది, అదే ఎడారి. ఒక రకం క్షిపణి మీద తొమ్మిదికి తొమ్మిది, మరో రకం మీద ఐదుకు సున్నా. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను అర్థం చేసుకుంటే ఈ వస్తువు స్వభావం మొత్తం అర్థమైనట్టే.

వస్తువు సంగతి ముందు చెబుతాను. పేట్రియాట్ బ్యాటరీకి కన్ను ఒక్కటే. ట్రైలర్ మీద వాల్చి నిలిపిన పలకలో ఐదు వేలకు పైగా చిన్న చిన్న మూలకాలు ఉంటాయి. పలక తిరగదు, ప్రతి మూలకం నుంచి వెలువడే తరంగం దశను కొద్దికొద్దిగా మార్చడం ద్వారా కిరణాన్నే కన్నుమూసి తెరిచేలోపు కావలసిన వైపు తిప్పుతారు. వెతకడం, వెంబడించడం, తాము వదిలిన క్షిపణికి దారి చూపడం అనే మూడు పనులనూ ఈ ఒక్క పలకే చేస్తుంది. పాతకాలపు వ్యవస్థల్లో ఈ పనులకు వేర్వేరు రాడార్లు ఉండేవి. ఇంజినీరింగ్ పరంగా ఇది ఎంతో గొప్ప పని అని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే పలక తిరగదు కాబట్టి అది చూడగలిగేది మహా అయితే తన ముందున్న 120 డిగ్రీల మేర మాత్రమే, అంటే వలయంలో మూడో వంతు. మిగతా రెండు వంతులు దాని వీపు వైపు. పేట్రియాట్ రాడార్ చూపు నూట యాభై కిలోమీటర్లు దాటుతుందని చదివేవారికి ఈ మూడో వంతు సంగతి సాధారణంగా కనబడదు.

ఇక ఆ కిలోమీటర్ల సంగతి. నేను జనరేటర్ల మీద పనిచేసినవాణ్ణి. నేమ్‌ప్లేట్ మీద 500 కేవీఏ అని ఉంటుంది. కువైట్ ఆగస్టు ఎండలో, 50 డిగ్రీల వేడిలో, అదే యంత్రం అంత లోడు లాగదు. నేమ్‌ప్లేట్ అబద్ధం చెప్పలేదు, అది ఏ పరిస్థితిలో నిజమో మనం అడగలేదు, అంతే. రాడార్ దూరం కూడా అచ్చంగా అలాంటిదే. ఎత్తున ఎగిరే విమానాన్నో, వంద కిలోమీటర్ల పైకి లేచి దిగే బాలిస్టిక్ క్షిపణినో చూసినప్పటి దూరం అది. నేలకు ముప్పై, నలభై మీటర్ల ఎత్తులో వచ్చేదానికి రాడార్ బలంతో సంబంధమే లేదు. మధ్యలో భూమి గుండ్రదనం అడ్డం వస్తుంది.

ఈ లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. యాంటెన్నా ఎత్తుకు వర్గమూలం, క్షిపణి ఎత్తుకు వర్గమూలం కూడి, 4.12తో గుణిస్తే రాడార్‌కు అది మొదట కనబడగల దూరం కిలోమీటర్లలో వస్తుంది. గాలిలో తరంగాలు కొద్దిగా వంగడాన్ని కూడా ఈ సంఖ్యలోనే లెక్కలోకి తీసుకున్నారు. యాంటెన్నా చుట్టూ ఉన్న నేలకంటే 9 మీటర్ల ఎత్తున ఉందనీ, క్షిపణి 36 మీటర్ల ఎత్తున వస్తోందనీ అనుకుందాం. వర్గమూలాలు 3, 6, కూడితే 9, గుణిస్తే సుమారు 37 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్షిపణి ఆ దూరాన్ని రెండున్నర నిమిషాల్లో దాటేస్తుంది. ఆ రెండున్నర నిమిషాల్లోనే తెర మీద ఒక చుక్క కనబడాలి, అది చెత్త ప్రతిధ్వని కాదని తేలాలి, మనవాళ్ల విమానం కాదని తేలాలి, ఎవరో ఒక అధికారి ఆజ్ఞ ఇవ్వాలి, మన క్షిపణి బయలుదేరి ఎదురు వెళ్లాలి. సైరన్ మోగించి ఊరి జనాన్ని బేస్‌మెంట్లోకి దింపడం ఇవన్నీ అయ్యాక వచ్చే మాట.

యాంటెన్నాను ఒక స్తంభం మీద పెడితే సరిపోదా అని నేనూ మొదట్లో అనుకున్నాను. లెక్క వేస్తే ఆశ నీరుగారిపోతుంది. 25 మీటర్ల స్తంభం ఎక్కిస్తే 37 కిలోమీటర్లు 45 అవుతాయి. సమయం రెండున్నర నిమిషాల నుంచి మూడు నిమిషాలకు పెరుగుతుంది. అంత పెద్ద పలకను అంత ఎత్తున, ఎడారి గాలికి ఊగకుండా నిలబెట్టి సంపాదించేది అర నిమిషం. వర్గమూలం గుణమే అది: ఎత్తును నాలుగింతలు చేస్తే మన వంతు దూరం రెండింతలే అవుతుంది. అవతలివాడు మాత్రం 100 మీటర్ల నుంచి 36 మీటర్లకు దిగడానికి ఒక మీట నొక్కితే చాలు, అతని వంతు దూరం 41 కిలోమీటర్ల నుంచి 25కు పడిపోతుంది. ఈ పోటీలో నేల మీది రాడార్ ఎంత ఖర్చు పెట్టినా ఎగువకు ఈదుతున్నట్టే ఉంటుంది, క్షిపణి వాలున దిగుతున్నట్టు ఉంటుంది. ఆ 37 కిలోమీటర్లు కూడా సముద్రం మీదో, చదునైన ఎడారిలోనో దొరికేవి. కొండలూ గుట్టలూ ఉన్నచోట అంత కూడా మిగలదు.

కనబడ్డాక కూడా చిక్కులు తీరవు. నేల బారున చూసే రాడార్‌కు సముద్రపు అలలు, ఇసుక దిబ్బలు, కరెంటు టవర్లు, రోడ్డు మీది లారీలు అన్నీ ప్రతిధ్వని పంపుతాయి. కదిలేవాటిని కదలనివాటి నుంచి వేరు చేయడానికి డాప్లర్ పద్ధతి ఉంది. రైలు మనవైపు వస్తున్నప్పుడు కూత సన్నబడి, దాటిపోయాక బొంగురుపోయే సూత్రమే అది. అయితే క్షిపణి రాడార్ వైపు కాకుండా దానికి అడ్డంగా ప్రయాణిస్తున్నప్పుడు ఆ తేడా దాదాపు మాయమవుతుంది. గల్ఫ్ నీటి మీద మరో విచిత్రం ఉంది. వేడి, తేమ పొరల వల్ల రాడార్ తరంగాలు నీటిని ఆనుకుని కాలువలో పోయినట్టు చాలా దూరం పోతాయి. ఆ రోజున దిగంతం అవతలివి కూడా కనబడవచ్చు, ఆ పొరకు కాస్త పైన ఉన్నది దగ్గర్లో ఉన్నా కనబడకపోవచ్చు. వీటన్నిటికీ తోడు, యుద్ధ సమయంలో తక్కువ ఎత్తున తిరిగే హెలికాప్టర్లు, విమానాలు ఎక్కువ భాగం సొంతవే. మార్చి 23న ఒక బ్రిటిష్ టోర్నడో విమానాన్ని, ఏప్రిల్ 2న ఒక అమెరికన్ ఎఫ్-18 విమానాన్ని పేట్రియాట్ బ్యాటరీలే కూల్చాయి. అలాంటి వారాల్లో తెర మీద కింది అంచున కనబడిన చుక్క మీద మీట నొక్కడానికి ఏ సిబ్బందికైనా చెయ్యి ఆడదు. వాళ్లను నేను తప్పుపట్టను.

ఇంతకూ ఆ రాత్రి మా ఇంటి ముంగిటకు వచ్చిన సీర్‌సకర్ ఏమంత ఆధునికమైనది? అది చైనా తయారీ, సోవియట్ పీ-15 క్షిపణికి వారసురాలు. పత్రికలు దాన్ని సిల్క్‌వార్మ్ అని కూడా రాశాయి. చిన్న విమానమంత ఆకారం, మూడు టన్నుల బరువు, దాదాపు వంద కిలోమీటర్ల పరుగు. 1971 డిసెంబర్ 4 రాత్రి మన నౌకాదళం కరాచీ ముందు ప్రయోగించిన క్షిపణి ఆ పీ-15 కుటుంబానిదే; దెబ్బతిన్న పాకిస్తాన్ నౌక ఖైబర్ తనను విమానం కొట్టిందని కబురు పంపింది, క్షిపణి అన్న ఊహే దానికి రాలేదు. అంటే 2003 నాటికే ముప్పై ఏళ్లకు పైగా వాడకంలో ఉన్న పాత వంశం అది. ఓడల్ని కొట్టడానికి చేసిన దాన్ని ఇరాక్ దక్షిణ కొసన ఉన్న ఫావ్ ద్వీపకల్పం నుంచి ఊరి మీదికి వదిలితే, ప్రపంచంలోకెల్లా ఖరీదైన రాడార్లలో ఒకటి దాన్ని గుర్తించలేకపోయింది. సాంకేతికతలో ముందుండటం కన్నా తక్కువ ఎత్తులో ఉండటం దానికి ఎక్కువ మేలు చేసింది.

ఈ వస్తువు తరఫున చెప్పవలసిన మాట ఒకటుంది, దాన్ని చాలామంది మరచిపోతారు. పేట్రియాట్‌ను తయారుచేసినప్పుడు అది ఒంటరిగా పనిచేయాలని ఎవరూ అనుకోలేదు. మధ్యస్థ, ఎక్కువ ఎత్తులను అది చూసుకోవాలి, నేల బారున వచ్చేవాటిని హాక్ అనే మరో వ్యవస్థ చూసుకోవాలి. హాక్‌కు తక్కువ ఎత్తు లక్ష్యాల కోసమే ప్రత్యేకంగా ఒక రాడార్ ఉండేది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక, 1990లలో అమెరికా సైన్యం, ఆ తర్వాత మెరైన్ దళం హాక్‌ను పక్కన పెట్టేశాయి. ఇద్దరు కాపలాదారుల్లో ఒకణ్ణి ఇంటికి పంపించి, మిగిలినవాణ్ణి రెండు గుమ్మాల దగ్గరా ఒకేసారి నిలబడమన్నట్టు అయింది. 2003లో కువైట్‌లో బయటపడిన లోపంలో సగం ఈ రాడార్‌ది కాదు, దాన్ని ఒంటరిని చేసిన నిర్ణయానిది.

రెండో పరీక్ష 2019 సెప్టెంబర్ 14న సౌదీ అరేబియాలో జరిగింది. అబ్కైక్ చమురు శుద్ధి కేంద్రం మీద 18 డ్రోన్లు, ఖురైస్ చమురు క్షేత్రం మీద నాలుగు క్రూయిజ్ క్షిపణులు పడ్డాయి. మరో మూడు క్షిపణులు గమ్యం చేరకముందే పడిపోయాయని సౌదీ రక్షణ శాఖ శకలాలు చూపించి ప్రకటించింది. రోజుకు 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి, అంటే ఆ దేశపు ఉత్పత్తిలో సగం, ఒక్క తెల్లవారుజామున ఆగిపోయింది. సోమవారం మార్కెట్లు తెరిచేసరికి చమురు ధర దాదాపు 15 శాతం ఎగబాకింది. సౌదీ దగ్గర పేట్రియాట్ బ్యాటరీలకు కొదవ లేదు. అయితే అప్పటిదాకా దెబ్బలన్నీ దక్షిణాన యెమెన్ నుంచే వచ్చాయి, రాడార్ పలకలూ ప్రధానంగా ఆ వైపుకే తిరిగి ఉన్నాయి. ఆ దాడి ఉత్తరం నుంచి వచ్చిందని సౌదీ ప్రకటించింది. కువైట్‌లో రాడార్ సరైన వైపే చూసింది, ఎత్తు దగ్గర ఓడింది. అబ్కైక్‌లో ఎత్తుతో పాటు దిక్కు కూడా ఓడించింది. బాలిస్టిక్ క్షిపణి బయలుదేరిన చోటు నుంచి గమ్యం దాకా ఇంచుమించు ఒకే గీతలో వస్తుంది కాబట్టి ఏ వైపు తిరిగి కూర్చోవాలో ముందే తెలుస్తుంది. క్రూయిజ్ క్షిపణి మలుపులు తిరుగుతూ, లోయలు పట్టుకుని, ముందుగా ఎక్కించిన దారిలో చుట్టూ తిరిగి పెరటి గుమ్మం నుంచి రాగలదు. ఒకే వైపు చూసే కన్నుకు ఇది తీరని కష్టం.

ధర గురించి చెప్పకుండా సమీక్ష పూర్తి కాదు. ఒక కొత్త బ్యాటరీ, దాని క్షిపణులతో కలిపి, సుమారు వంద కోట్ల డాలర్లు. అది వదిలే ఆధునిక క్షిపణి ఒక్కొక్కటి దాదాపు 40 లక్షల డాలర్లు. మూడు వైపులా చూడాలంటే మూడు రాడార్లు కావాలి.

ఎత్తు సమస్యకు మందు వేయాలని అమెరికా చేసిన ఒక ప్రయత్నాన్ని ఇక్కడ వివరంగా చెప్పాలి, ఎందుకంటే పేట్రియాట్‌కు దొరికిన తోడుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినదీ, నన్ను అన్నిటికన్నా బాధపెట్టినదీ అదే. దాని పేరు జేలెన్స్. 74 మీటర్ల పొడవున్న రెండు హీలియం బెలూన్లను తీగతో నేలకు కట్టి, 3,000 మీటర్ల ఎత్తున నిలుపుతారు. ఒకదాని పొట్టలో చుట్టూ వెతికే రాడార్, మరోదాని పొట్టలో గురిపెట్టే రాడార్. కరెంటూ, సమాచారమూ తీగలోనే పైకీ కిందికీ పోతాయి. ఒకసారి ఎగరేస్తే నెల రోజులు అక్కడే ఉండగలదు. అదే సూత్రాన్ని వేసి చూడండి: 3,000కు వర్గమూలం సుమారు 55, దానికి క్షిపణి వంతు 6 కలిపితే 61, గుణిస్తే 250 కిలోమీటర్లు. రెండున్నర నిమిషాలు కాస్తా పదహారు నిమిషాలు దాటాయి. పదహారు నిమిషాల్లో ఒక ఊరు మొత్తం కిందికి దిగవచ్చు. 2012లో యూటా పరీక్షా కేంద్రంలో జేలెన్స్ చూపించిన లక్ష్యాన్ని పేట్రియాట్ క్షిపణి వెళ్లి కొట్టింది. పైన కన్ను, కింద చెయ్యి; ఈ జోడీ పనిచేస్తుందని రుజువైంది.

ఆ తర్వాత జరిగింది చూస్తే, మెయింటెనెన్స్ పని చేసినవాడికి కడుపు తరుక్కుపోతుంది. 2015 అక్టోబర్ 28న మేరీల్యాండ్‌లోని ఆబర్డీన్ నుంచి ఒక బెలూన్ తీగ తెంచుకుని పెన్సిల్వేనియా దాకా కొట్టుకుపోయింది. దాదాపు రెండు కిలోమీటర్ల తీగ నేల మీద ఈడ్చుకుంటూ పోయి కరెంటు లైన్లను తెంపడంతో వేలాది ఇళ్లకు సరఫరా ఆగిపోయింది. రెండు ఎఫ్-16 విమానాలు వెంట వెళ్లాయి. గాలి ఒత్తిడి కొలిచే గొట్టం ఒకటి సరిగా పనిచేయకపోవడంతో తోక రెక్కల్లో ఒత్తిడి పడిపోయి బెలూన్ అదుపు తప్పిందని విచారణలో తేలింది. తెంచుకుపోతే తనంతట తాను గాలి వదిలేసే పరికరం దానికి ఉంది, కానీ అందులో బ్యాటరీలు వేయలేదు. 270 కోట్ల డాలర్ల కార్యక్రమం, వేయని బ్యాటరీల దగ్గర నవ్వులపాలైంది. ఎమర్జెన్సీ లైట్లకు బ్యాటరీలు ఉన్నాయో లేదో నెలకోసారి చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టడం మా బిల్డింగ్‌లో అందరికన్నా చిన్న ఉద్యోగి చేసే పని. చట్టసభ నిధులు ఆపేసింది, కార్యక్రమం ముగిసింది. లోపం అమలులో ఉంది, సూత్రంలో లేదు. సూత్రాన్నే పక్కన పెట్టడం పొరపాటని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. 2024 మేలో పోలండ్ ఇలాంటి నాలుగు బెలూన్ రాడార్ల కోసం సుమారు 96 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకోవడం చూస్తే, రష్యా సరిహద్దు పక్కన ఉన్నవాళ్లకు కూడా అలాగే తోచినట్టుంది.

ఉక్రెయిన్ మరో దారి పట్టింది. అక్కడ పేట్రియాట్ తనకు తగిన పనిలో అద్భుతంగా రాణించింది. 2023 మేలో కీవ్ మీదికి వచ్చిన రష్యా కింజాల్ క్షిపణులను అడ్డుకుంది. తక్కువ ఎత్తున వచ్చేవాటి కోసం మాత్రం వాళ్లు కంటిని వదిలి చెవిని నమ్ముకున్నారు. స్తంభాల మీద మైకులు, వాటికి ఒక మొబైల్ ఫోన్, ఒక్కోదానికి 400 నుంచి 500 డాలర్ల ఖర్చు. 2024 నాటికి అలాంటివి దాదాపు 10,000 దేశమంతటా పరిచారు. ఎగిరే యంత్రం శబ్దం ఒక మైకు నుంచి మరో మైకుకు ఎలా జరుగుతోందో చూసి దాని దారి గీస్తారు, ఆ దారిలో తుపాకులతో కాచుకుని ఉంటారు. ప్రధానంగా ఇది డ్రోన్ల కోసం. వాటి ఇంజన్ మోత పెద్దది, వేగం తక్కువ. అయినా దిగంతం అడ్డం రాని పద్ధతి కావడం, వందచోట్ల చెడిపోయినా మిగతాది పనిచేయడం చిన్న విషయాలు కావు. ఒక పేట్రియాట్ క్షిపణి ధరకు ఎనిమిది వేల మైకులు వస్తాయి.

ఇప్పుడు పేట్రియాట్ రాడార్ స్థానంలో కొత్తది వస్తోంది. 2019 అక్టోబర్‌లో, అబ్కైక్ దాడి జరిగిన నెల రోజులకు, అమెరికా సైన్యం రేథియాన్ సంస్థకు దాని నమూనాల కాంట్రాక్టు ఇచ్చింది; 2025లో ఉత్పత్తికి అనుమతి లభించింది. ముందు ఒక పెద్ద పలక, వెనుక రెండు చిన్న పలకలు, ఒక్కొక్కటి 120 డిగ్రీలు. మూడూ కలిపి పూర్తి వలయం. గాలియం నైట్రైడ్ అనే అర్ధవాహక పదార్థం వాడటం వల్ల పాతదాని కన్నా రెట్టింపుకు పైగా శక్తి. క్రూయిజ్ క్షిపణిని పోలిన లక్ష్యాల మీద పరీక్షలు కూడా జరిపారు. దిక్కు సమస్య దీనితో తీరిందని నిస్సందేహంగా చెప్పవచ్చు. అబ్కైక్ వంటి చోట దీని విలువ ఎంతో. ఎత్తు సమస్య తీరలేదు, తీరదు కూడా. ఇదీ ట్రైలర్ మీద కూర్చునేదే. మూడు పలకలు ఉన్నా, శక్తి పదింతలు ఉన్నా, 9 మీటర్ల కన్ను 36 మీటర్ల క్షిపణిని చూసేది 37 కిలోమీటర్ల నుంచే. అందువల్ల కొత్త రాడార్ కన్నా నాకు ఎక్కువ ఆశ కలిగించినది దానితో పాటు వస్తున్న అనుసంధాన వ్యవస్థ: వేరే చోట ఉన్న చిన్న రాడార్, పైన ఎగిరే విమానం, మరో బ్యాటరీ చూసినదాన్ని బట్టి ఈ బ్యాటరీ తాను ఇంకా చూడని లక్ష్యం మీదికి క్షిపణిని వదలగలగడం.

మన దేశంలో కూడా ఈ దిశగా పని సాగుతోంది, అందులో మనవాళ్ల చెయ్యి ఉంది. డీఆర్‌డీఓ రూపొందించిన క్యూఆర్‌సామ్ అనే గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థలోని రెండు రాడార్లూ పూర్తి వలయం చూసేవే, వాహనం కదులుతుండగానే వెతకగలిగేవే. 2025 ఆగస్టు 23న ఒడిశా తీరంలో దీన్ని, భుజం మీది నుంచి వదిలే తరహా చిన్న క్షిపణులనూ, హైదరాబాద్‌లోని చెస్ అనే డీఆర్‌డీఓ ప్రయోగశాల తయారుచేసిన లేజర్ ఆయుధాన్నీ ఒకే అదుపు కేంద్రానికి కట్టి, వేర్వేరు ఎత్తుల్లో వచ్చిన మూడు లక్ష్యాలను ఒకేసారి కూల్చారు. ఆ లేజర్‌కు అంతకు ముందు ఏప్రిల్‌లో పరీక్ష జరిగింది మన కర్నూలు రేంజ్‌లోనే. ఒకే పెద్ద కన్ను మీద ఆధారపడకుండా దూరానికొకటి, దగ్గరికొకటి అంచెలుగా పెట్టుకోవడం నాకు సరైన దారిగా కనిపిస్తోంది.

నా తీర్పు ఇది. బాలిస్టిక్ క్షిపణి భయం ఉన్న ఊరికి పేట్రియాట్ రాడార్‌ను మించిన కాపలా చాలా తక్కువ. దానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను, మేము ప్రాణాలతో బయటపడటంలో దాని వంతు ఉందన్న కృతజ్ఞతతోనే ఇస్తున్నాను. క్రూయిజ్ క్షిపణి విషయంలో, ఒంటరిగా ఉంచితే ఒకటిన్నరకు మించి ఇవ్వలేను. దానికి పైనుంచి చూసే తోడు ఒకటి, చుట్టూ తక్కువ ఎత్తును కాచే చిన్న రాడార్లు కొన్ని, దగ్గరకు వచ్చినదాన్ని కొట్టే తుపాకులూ ఉంటే మూడున్నర దాకా వెళ్తాను. కొనే దేశం ఏదైనా సరే, ఎంత దూరం చూస్తుందని కాక, 36 మీటర్ల ఎత్తులో, వీపు వైపు నుంచి వచ్చేదాన్ని ఎన్ని నిమిషాల ముందు చూపిస్తుందని అడిగి, వచ్చిన జవాబును కాగితం మీద రాయించుకోవాలి. ఆ రాత్రి షర్క్‌లో మాకు ఆ జవాబు సున్నా నిమిషాలు.